గడ్డం కింద గీత

పడుకున్నారు గానీ నిద్రపోలేదు. ఈ నిద్ర ల్యాబులో ఆ తేడా కనిపెట్టడమే నా ఉద్యోగం. అద్దానికి అవతల మంచం మీద మా ఆయన, ఇవతల కుర్చీలో నేను, నా ముందు తెర మీద ఆయన తలలోంచి, కనుకొలకుల్లోంచి, గడ్డం కిందనుంచి వస్తున్న గీతలు. పైనున్నవి మెదడు గీతలు, ఇంకా గజిబిజిగా ఉన్నాయి, ఏదో ఆలోచిస్తున్నారు. అడుగున గడ్డం కింద కండరం గీత, దళసరిగా, నూగుగా, గొంగళిపురుగులా. మెలకువలో ఎవరిదైనా అంతే. నిద్ర పట్టాక సన్నబడుతుంది, కలలొచ్చే నిద్రలోకి జారగానే పూర్తిగా చదునైపోతుంది, ఎందుకంటే ఆ నిద్రలో కళ్ళూ ఊపిరీ తప్ప ఒళ్ళంతా చచ్చుబడి ఉండాలి, లేకపోతే కలలో పరిగెత్తే మనిషి మంచం మీద కూడా పరిగెడతాడు. బయటినుంచి గడియ పెట్టి లోపల సినిమా వెయ్యడమమ్మా ఇది, అని మా ప్రొఫెసరుగారు కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్తారు, చెప్పి తనే నవ్వుతారు. ఇవాళ కలలొచ్చే వేళకి ఆ గీత చదునైతే మా ఆయన ఆరోగ్యంగా ఉన్నట్టు, నన్ను తెలిసే కొట్టినట్టు. చదును కాకపోతే తెలియక కొట్టినట్టు, ఇంకొన్నేళ్ళకి ఆ చేతులు వణకడం మొదలుపెట్టచ్చన్నట్టు. ఈ రెండిట్లో ఏది కోరుకోవాలో నాకు తెలియడం లేదు.

డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చారు. వార్తాపత్రిక అచ్చేసే ప్రెస్సులో మెషిన్‌మ్యాన్, పెళ్ళికి ముందునుంచీ రాత్రి డ్యూటీయే, ఊరంతా లేచి పేపరు విప్పే వేళకి ఆయన దుప్పటి ముసుగెడతారు. అందుకే మిగతావాళ్ళలా రాత్రి కాకుండా పొద్దుటిపూట రమ్మన్నాం, పైగా పొద్దుటి నిద్రలో కలలు తొందరగా వస్తాయి, ఎక్కువసేపు ఉంటాయి. ఈ ఒక్కరి పనీ ఇంకెవరికైనా అప్పగించండి సార్ అని ప్రొఫెసరుగారిని అడిగాను. ల్యాబు కుర్రాళ్ళంతా చాటుగా గుడ్లగూబ అంటారు ఆయన్ని, ఆ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "గీతకి చుట్టరికాలుండవమ్మా. నువ్వు రికార్డు చెయ్యి చాలు, చదవడం నాకొదిలెయ్యి" అన్నారు. వదిలెయ్యడం అంత తేలికా, చదువొచ్చినవాళ్ళు ఎదురుగా బోర్డు పెట్టుకుని చదవకుండా ఉండగలరా. కుర్చీలో కూచోబెట్టి, దూదితో గడ్డం కింద తుడిచి, జిగురు రాసి బిళ్ళలు అతికించాను. ఆ మొహాన్ని అంత దగ్గరనుంచి చూసి ఎన్నాళ్ళయిందో. నుదుటి మీద కొత్త కుట్ల మచ్చ ఉంది, ముక్కు పక్క గీతలు లోతుకి పోయాయి, కనుబొమల్లో తెల్లవెంట్రుకలు మొలిచాయి, వాటినెప్పుడు మొలిపించుకున్నారో నాకు చెప్పనే లేదు. "పెళ్ళినాడు కూడా నన్నింత ముస్తాబు చేసినవాళ్ళు లేరు" అన్నారు. నవ్వితే బిళ్ళ ఊడుతుంది, కదలకండి అన్నాను. అదే మాట పరాయివాళ్ళకైతే మెత్తగా చెప్పి ఉండేదాన్ని. ఆయన బుద్ధిమంతుడిలా బిగుసుకు కూర్చున్నారు, కళ్ళు మాత్రం నా మొహం మీదే ఉన్నాయి, నేను జిగురు డబ్బాకి మూత పెట్టే పనిలో పడ్డాను.

మెదడు గీతల్లో పెద్ద పెద్ద అలలు విరుగుతున్నాయి, అంటే వాలిపోతున్నారు. అలవాటైన పక్క కాకపోయినా పడుకోగానే పట్టేస్తుంది ఆయనకి, అదృష్టవంతుడని మా ఆడపడుచు దెప్పేది. దుప్పట్లోంచి ఎడమ పాదం బయటపెట్టారు, ఎప్పుడూ అంతే, ఎండాకాలమైనా చలికాలమైనా ఒక పాదం బయట ఉండాలి. ఆ పాదం గుర్తుంది నాకు. మా కాపురమంతా గుమ్మంలోనే గడిచింది, నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన విప్పుకునేవారు, కూర మూత పెట్టాననీ, పాలు కాచాననీ, గ్యాస్ వాడొస్తాడనీ ఆ కాస్త సందులోనే చెప్పుకునేవాళ్ళం. ఆదివారం ఒక్కటే మా ఇద్దరికీ కలిసిన పక్క, నేను లేవక్కర్లేదు, ఆయన వచ్చి పక్కన వాలితే చల్లటి గాలి ఒకటి ఆయనతో పాటు దుప్పట్లోకి దూరేది. అలాంటి ఒక ఆదివారమే అది. ముందురోజు మాటా మాటా పెరిగింది, ఆ రాత్రి డ్యూటీ మానెయ్యండి, ఈ వయసులో ఎందుకీ యాతన అని నేను, ఊళ్ళోవాళ్ళ నిద్ర మీద ఉన్న శ్రద్ధ నా నిద్ర మీద ఉందా నీకు అని ఆయన, అన్నం తినకుండానే వెళ్ళిపోయారు. తెల్లవారుజామున వచ్చారు, నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, మాట్లాడిస్తే మాట్లాడదామని. మాట్లాడించలేదు. బాగా ఎండెక్కాక, గాఢంగా నిద్రలో ఉన్నారనుకున్న మనిషి పిడికిలి బిగించి నా భుజం మీద గుద్దారు. తగిలిందనడం కాదు, గుద్దారు, ఎముక మీద. పళ్ళు కొరుకుతున్నారు, కళ్ళు మూసే ఉన్నాయి, వెంటనే ఇంకోటి, అది దిండుకి తగిలింది. తర్వాత అటు తిరిగి పడుకున్నారు. నేను మంచం అంచున కూచుని, భుజం పట్టుకుని, ఆయన లేచేదాకా అక్కడే ఉన్నాను.

ఇక్కడ మాకొక నియమం ఉంది. నిద్రలో మనిషి ఏం చేశాడో, ఏం గొణిగాడో ముందు మనం చెప్పకూడదు. చెప్పామా, లేచినవాడు మన మాట పట్టుకుని దాని చుట్టూ అల్లేస్తాడు, అందులో కలెంతో మన మాటెంతో ఆనక విడదీయలేం. అందుకని అందరికీ ఒకటే ప్రశ్న, ఎప్పుడూ అవే మాటలు: లేవకముందు మీ మనసులో ఏం జరుగుతోంది. కలొచ్చిందా అని కూడా అనం. అడిగి నోరు మూసుకుని కూర్చోవాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా. ఎంతమందిని అడిగానో, కాలేజీ కుర్రాళ్ళని, గర్భిణీలని, గుడ్డివాళ్ళని, ఒకాయనైతే మేక తనకి లెక్కలు నేర్పిందని చెప్పి సిగ్గుపడిపోయాడు. అలవాటు చెడ్డది, ఇంటికి కూడా వెంటపడి వస్తుంది. ఆ ఆదివారం ఆయన మధ్యాహ్నం లేచి, "మంచినీళ్ళివ్వు" అన్నారు. ఇచ్చాను. భుజం చూపించలేదు, జరిగింది చెప్పలేదు, ముందు ఆయన చెప్పాలి. మరి ప్రశ్నైనా అడగచ్చు కదా, అదీ అడగలేదు, ఇదేం ల్యాబు కాదు, కొట్టినవాళ్ళే నోరు విప్పాలి అని రోషం. నియమంలో సగం పాటించాను, సగం గాలికొదిలేశాను. ఆయన తాగి గ్లాసిచ్చి, ఇవాళ ఎండగా ఉంది కదా అన్నారు. మరో రెండు ఆదివారాలు అలాగే జరిగింది, ఒకసారి వీపు మీద, ఒకసారి చెవి మీద. ఆ మూడో ఆదివారం సాయంత్రం నా దిండు, దుప్పటి పక్కగదిలోకి మార్చుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు. అడగలేదంటే తెలుసన్నమాటే అనుకున్నాను. అప్పటినుంచి నాలుగేళ్ళు, గోడకి ఇటు నేను, అటు ఆయన.

తెలియక కొట్టారా, తెలిసే కొట్టారా. మా ల్యాబు పై అంతస్తులో పరీక్షలకి పెంచే ఎలుకలున్నాయి, వాటికి పగలే నిద్ర, మా ఆయనకి దూరపు బంధువులని నేనే హాస్యమాడేదాన్ని. మెలకువలో అవి తిరిగిన సందులన్నీ నిద్రలో మెదడు మళ్ళీ తిరుగుతుంది, ఏ మలుపు దగ్గరుందో కూడా గీతల్లో చూడచ్చు. పిట్టలున్నాయి, కునుకులో వాటి గొంతు కండరాలు పాట పాడినట్టే కదులుతాయి, చప్పుడు మాత్రం రాదు. ఆ సంగతి ఒకప్పుడు ఇంట్లో చెప్తే ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "మరి వాటిని కూడా లేపి అడుగుతారా" అన్నారు, ఎంత నవ్వుకున్నామో. ఎప్పుడో ఎక్కడో పిల్లుల మీద చేసిన పని కూడా మా అందరికీ తెలుసు, మెదడు అడుగున ఒళ్ళు కట్టేసే చోటు ఒకటి ఉంటుంది, దాన్ని కాస్త దెబ్బతీస్తే పిల్లి నిద్రలోనే లేచి నిలబడుతుంది, లేని ఎలుక మీదకి పంజా విసురుతుంది, పాలగిన్నె ఎదురుగా పెట్టినా వాసన చూడదు. మనుషుల్లోనూ అలాంటివాళ్ళుంటారని, ఎక్కువగా వయసు మళ్ళిన మగవాళ్ళని, నేనే పుస్తకాల్లో చదివాను, కొత్తవాళ్ళకి చెప్పాను కూడా. పిల్లికి దెబ్బ తీసింది మనిషి, మా ఆయనకెవరు తీశారు. దెబ్బలాడుకున్న మర్నాడే పడిన గుద్దుని నిద్ర అని ఎలా అనుకోను. పరాయివాళ్ళ విషయంలో అన్నీ తెలుస్తాయి, మన పక్కమీదకొచ్చేసరికి చదివింది ఒక్కటీ గుర్తురాదు. నిజం చెప్పాలంటే గుర్తొచ్చేది, వచ్చినా తోసేసేదాన్ని, ఎందుకంటే కోపం నాకు తోడుగా ఉండేది, ఒంటరిగా ఉన్న గదిలో అదొక్కటే మనిషిలా ఉండేది.

లోతైన నిద్రలో ఉన్నారిప్పుడు. గీతలు నెమ్మదిగా, పెద్దగా, గడ్డం కింద గీత సన్నబడింది. ఇందులో చూడ్డానికేం ఉండదు, వేచి ఉండటమే. వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్తున్నారు. పోయిన నెల ఆయన మంచం మీదనుంచి పడ్డారు, బల్ల అంచుకి నుదురు చీలింది. చప్పుడుకి నేను పరిగెత్తుకెళ్ళేసరికి నేలమీద కూచుని, రక్తం కారుతున్న చేత్తో కళ్ళజోడు వెతుక్కుంటున్నారు. కుట్లు వేసిన డాక్టరమ్మ చాలా ప్రశ్నలు వేసింది, వాసనలు తెలుస్తున్నాయా, నడక తడబడుతోందా, నిద్రలో అరుస్తారా, కాళ్ళూ చేతులూ విసురుతారా. "నిద్రలో సంగతి నాకేం తెలుస్తుందమ్మా" అన్నారు ఆయన. "మీ పక్కన పడుకునేవాళ్ళకి తెలుస్తుంది కదా" అంది. "నా పక్కన ఎవరూ పడుకోరు" అన్నారు. ఫిర్యాదు లేదు ఆ గొంతులో, చెప్పుల సైజు చెప్పినట్టు చెప్పారు. ఆయన పక్క కుర్చీలో నేనున్నాను, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని. డాక్టరమ్మ నా వంక చూసింది. అప్పుడైనా నోరు విప్పాల్సింది, విప్పలేదు, సంచీ జిప్పు లాగుతూ కూచున్నాను. ఆవిడే కాగితం మీద రాసిచ్చింది, ఈ పరీక్ష చేయించండి, కలల నిద్రలో కండరం వదులవ్వకపోతే అది ముందుగా వచ్చే సూచన కావచ్చు, అందరికీ కాదు గానీ చాలామందికి ఏళ్ళ తర్వాత వణుకుడు జబ్బు వస్తుంది, నడక నెమ్మదిస్తుంది, మొహంలో కదలిక తగ్గుతుంది. ఆటో ఎక్కాక ఆయన, "మీ ల్యాబేగా, ఖర్చుండదు" అన్నారు.

నాకు కలలు గుర్తుండవు. ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ లేవు, వంటవాడికి ఆకలి చచ్చినట్టు. పక్కగదిలో పడుకుని గోడ అవతలి చప్పుడు వింటాను, సెలవు రోజుల్లో, మంచం కిర్రుమనడం, ఒక్కోసారి గొణుగుడు, ఒక్కోసారి ధబ్బుమని ఏదో తన్నిన చప్పుడు. నా మీద కోపం ఇంకా తీరలేదన్నమాట, నేను పక్కన లేకపోయినా కొడుతున్నారన్నమాట, అనుకునేదాన్ని. ఎంత మూర్ఖత్వం. పక్కన ఎవరూ లేనప్పుడు మనిషి ఎవరిని కొడతాడు. ఈ మాట నాకు ఇప్పుడు తడుతోంది, ఈ కుర్చీలో. ప్రపంచంలో జనమంతా రోజూ ఒకసారి ఒంటరిగా అలా వెళ్ళిపోతారు, ఒకే పక్క మీద ఒకరినొకరు పట్టుకుని పడుకున్నవాళ్ళు కూడా, ఒకరి కలలోకి ఇంకొకరు తొంగిచూడలేరు, లేచాక చెప్పుకోవడం తప్ప దారి లేదు. ఆ చెప్పుకోవడమే మేం మానేశాం. పుట్టబోయే బిడ్డ కూడా తల్లి కడుపులో ఈ నిద్రే ఎక్కువ పోతుందంటారు, ఏం చూస్తుందో ఆ చీకట్లో. మాకు పిల్లల్లేరు. ఉంటే మధ్యలో పడుకునేవాళ్ళు, గుద్దులు వాళ్ళకి తగిలేవి, అప్పుడు నేను అరిచేదాన్ని, అరిస్తే అన్నీ ఆ పూటే తేలిపోయేవి.

అలలు చెదిరాయి. మెదడు గీతలు చిన్నవైపోయి, మేలుకున్న మనిషివిలా హడావిడి పడుతున్నాయి, ఆ కిందే కనుకొలకుల గీతలు రెండూ ఒక్కసారిగా ఎగిరి ఎదురూ బొదురూ దూకాయి. కలల నిద్రలోకి వచ్చేశారు. రెప్పల కింద కళ్ళు తిరుగుతున్నాయి, కెమెరాలో కూడా కనిపిస్తోంది. నేను గడ్డం గీత చూడకూడదనుకుని కళ్ళు మూసుకున్నాను, ఎందుకు మూసుకున్నానో, జీతం తీసుకునేది తెరిచి ఉంచడానికి. తెరిచాను. దళసరిగా ఉంది. సన్నబడినది మళ్ళీ నూగుగా లేచింది, అక్కడక్కడా ముళ్ళలాగా పైకి పొడుచుకొస్తోంది. తీగ వదులైందేమో అని చూశాను, కాలేదు, నేను అతికించినది ఊడదు. చదునవ్వు, చదునవ్వు అని పెదాలు కదిపాను. అప్పుడు తెలిసింది నేనేం కోరుకుంటున్నానో. కొట్టినవాడివే అవ్వు, తెలిసే కొట్టావనుకుంటాను, బతికినన్నాళ్ళూ పక్కగదిలోనే పడుకుంటాను, నీ చేతులు మాత్రం బాగుండనీ. గీత నా మాట వినలేదు. ఆయన కుడిచెయ్యి దుప్పట్లోంచి లేచింది, వేళ్ళు ముడుచుకున్నాయి, గాల్లో గుద్దారు, మళ్ళీ గుద్దారు, మొహం అసలు ఆయనది కాదు, ఎవరినో పళ్ళ బిగువున ఆపుతున్నవాడిది. ఆ పిడికిలి ఎవరి భుజం మీదా పడలేదు, మంచం కమ్మీకి కట్టిన మెత్త మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. నాలుగేళ్ళు అనుమానపడ్డందుకు, ఆ అనుమానం తప్పైనందుకు, తప్పు కాకుండా ఉంటే బాగుండేదే అనిపించినందుకు.

లేపాల్సిన వేళ దాటిపోతోంది. మైకు నొక్కాను. ఆ స్పీకర్లో నా గొంతు నాకే రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ముందు పిలవాలి, పేషెంటు గారూ అంటాం, అలాగే అన్నాను, రెండోసారికి ఆ చెయ్యి మంచం మీద వాలింది.

"లేవకముందు మీ మనసులో ఏం జరుగుతోంది?"

ఊపిరి వినిపించింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, ఈసారి ప్రశ్న అడిగాకే.

"ఎవరో తలుపు తోస్తున్నారు" అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. "మా ఇంటి తలుపు. నలుగురైదుగురున్నారు. నేను అడ్డం నిలబడి కొడుతున్నాను, రానివ్వట్లేదు."

రెండో ప్రశ్న కూడా ఉంది మాకు, ఇంకా ఎవరైనా ఉన్నారా అని. అడిగాను.

"మా ఆవిడుంది. పక్కగదిలో పడుకుంది" అన్నారు. కళ్ళు తెరవకుండానే, "మీరు కాస్త మెల్లిగా మాట్లాడండి. ఆమెని లేపకండి" అన్నారు.

సరే, మళ్ళీ పడుకోండి, అనాలి. అదీ నియమమే. అన్నాను అనుకుంటాను, లేక మైకు నొక్కకుండా అన్నానో. రికార్డింగు నడుస్తుండగానే కుర్చీ వెనక్కి నెట్టి లేచాను, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని, గుడ్లగూబగారు రేపు నా చెవి మెలిపెడతారు. తలుపు తీసి లోపలికి వెళ్ళాను. ఆయన కళ్ళు తెరిచి, తలనిండా తీగలతో, నన్ను చూసి లేవబోయారు.

"అయిపోయిందా? ఏం తేలింది?"

"మీరు నన్ను కొట్టారు" అన్నాను. "నాలుగేళ్ళ కిందట, ఆదివారం. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు. నిద్రలో."

నేను కల గురించి చెప్తున్నానేమో అన్నట్టు చూశారు ముందు. తర్వాత చూపు నా భుజం మీదకి దిగింది, దెబ్బ ఎక్కడ తగిలిందో నేను చెప్పకపోయినా, నా చెయ్యి దానిమీదే ఉంది కాబోలు.

"అందుకా పక్కగది" అన్నారు.

"అందుకే."

"మరి చెప్పచ్చు కదా."

"మీరే చెప్తారని చూశాను."

"నాకు తెలిస్తే కదా చెప్పడానికి" అన్నారు, మెల్లిగా, తప్పు నాది కాదన్నట్టు కాకుండా, తప్పు ఎక్కడుందో వెతుకుతున్నట్టు. కాసేపు దుప్పటి అంచు సవరించుకున్నారు. "నేనింకా సిరా కంపు పడక వెళ్ళావనుకున్నాను. అందుకే రోజూ ప్రెస్సులోనే తోముకుని స్నానం చేసి వస్తున్నా. చలికాలం కూడా."

నేను మంచం మీద కూచున్నాను. ఆ గుద్దిన చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు విప్పి, అరచేతి మీద నా అరచెయ్యి పెట్టి చాలాసేపు పట్టుకున్నాను. ఏం చూస్తున్నావు అని అడిగారు. చెప్తాను, అన్నీ చెప్తాను అన్నాను. చెయ్యి నిలకడగా ఉంది, ఇంకా వణకడం లేదు.